అనుపానం

జూన్ 3

అమ్మడికి మూడో నెల వచ్చింది. నరాల డాక్టరమ్మ దగ్గరికి ఈరోజు నేనే తీసుకువెళ్ళాను. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని అల్లుడికి తెల్లవారకముందే పిలుపు వచ్చింది. లిఫ్టులు బాగుచేసేవాడి సంసారం ఎప్పుడూ రెండంతస్తుల మధ్య ఆగి ఉంటుందని మా ఆవిడ అంటుంది. వాళ్ళు పై వాటాలో, మేము కింది వాటాలో ఉండబట్టి నెట్టుకొస్తున్నాము.

డాక్టరమ్మ చెప్పినదాని సారం ఇది. మందు వల్ల బిడ్డకు కలిగే ప్రమాదం కంటె మూర్ఛ వల్ల కలిగేది పెద్దది. కనుక మందు మానరాదు. గర్భిణి ఒంట్లో మందు త్వరగా ఖర్చయిపోతుంది కనుక నెలనెలా రక్తం చూసి మోతాదు సవరించాలి. పొద్దున ఫలహారం అయ్యాక ఒక్క మాత్ర. విరవకుండా, నమలకుండా, నీళ్ళతో మింగాలి.

"ఈ మందు బిడ్డకి మంచిదేనా డాక్టర్?" అని అమ్మడు అడిగింది.

"మంచిదని అనను. మూర్ఛ కంటే మేలు అంటాను."

తూచి పలికే మనిషి. నచ్చింది.

వెనకటి వైద్యులు ఈ రోగానికి అపస్మారమని పేరు పెట్టారు. స్మృతి తొలగిపోవడం. పన్నెండో ఏట అమ్మడికి మొదటిసారి వచ్చి డాక్టరు పేరు చెప్పినప్పుడు, ఆ మాట ఎంత పొందికగా కుదిరిందోనని పైకే అన్నాను. మా ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడు నాలుగేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. ఈ మాట రాయడానికి కూడా కలం జంకుతున్నది.

జూన్ 8

వేవిళ్ళు ముదిరాయి. మాత్ర మింగిన కాసేపటికే వాంతి. మాత్ర చెక్కుచెదరకుండా బేసిన్‌లో కనిపించింది. మళ్ళీ ఇంకొకటి వెయ్యాలా, వద్దా అని ముగ్గురమూ దాని చుట్టూ చేరి తర్కించాము.

"కడిగి మళ్ళీ మింగమనండి, మీ శాస్త్రాల్లో ఉంటే," అన్నది మా ఆవిడ.

ఆసుపత్రికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకొకటి వేశాము. అదీ పోయింది.

జూన్ 10

ఇవాళా అంతే.

"గొంతు దాకా వచ్చి కూర్చుంటోంది నాన్నా, పిలవని చుట్టంలా. లోపలికీ పోదు, బయటికీ పోదు."

పళ్ళ ల్యాబుకు సెలవు పెట్టింది. తన పని అక్కడ మైనంతో పళ్ళు తీర్చడం; నా కట్టుడు పళ్ళు తను తీర్చినవే. నా నోట పద్యం పలికేది తన పళ్ళేనని, అందుచేత పాండిత్యంలో సగం తనదని అందరికీ చెబుతుంది. ఇవాళ ఆ పరాచికం కూడా ఆడలేదు. మంచం అంచున కూర్చుని, "మందు నిలవకపోతే మళ్ళీ వస్తుంది కదా," అన్నది.

మా నాన్నగారు మందులు నూరుకున్న కల్వం అలమరలో ఉన్నది. తీసి కడిగి, మాత్రను పిండిలా నూరి, చెంచాడు తేనెలో రంగరించాను. పట్టుకు వెళితే చెంచాను చూసి ఆగింది.

"పొడి చెయ్యొచ్చా? డాక్టర్ని అడిగావా?"

"అడిగాను."

తాగింది.

అడిగినట్టే. విరవవద్దని ఆమె అన్నది విరిగిన ముక్క అంచు గొంతుకు గీసుకుంటుందని. నమలవద్దన్నది చేదు వల్ల. పిండికి అంచు లేదు, తేనెకు చేదు లేదు. ఫోను ఎత్తి ఉంటే ఆమె కూడా ఇదే చెప్పేది. మందు కంటె దేనితో కలిపి ఇవ్వాలన్నదే ముఖ్యమని మన పాత వైద్యులు ఎరుగుదురు, అనుపానమంటే అదే. నలభై ఏళ్ళుగా ప్రాచీన పద్యాలకు వ్యాఖ్యానాలు రాస్తున్న నాకు అది కొత్త కాదు. ఘనమైన పద్యం పిల్లల గొంతు దిగదు. పదం పదంగా విడదీసి, నూరి, తాత్పర్యంలో రంగరించి ఇస్తే దిగుతుంది. పద్యానికి లోటేమీ రాదు.

జూన్ 11

నిలిచింది.

జూన్ 12

నిలిచింది. మా ఆవిడ నన్ను వైద్యశిరోమణి అన్నది. ముప్పాతిక వెటకారం. మిగిలిన పావు నేను దాచుకున్నాను.

జూన్ 21

అమ్మడు మళ్ళీ పనికి వెళుతున్నది. పొద్దున చెంచా తీసుకున్నాక కొంతసేపటికి తల తిరుగుతున్నదట. నిన్న ల్యాబులో ఒక పన్నుకు రెండు కనిపించాయట.

"ఏ పన్ను నిజమో తెలియక రెండిట్నీ గీకాను. ఒకటి నా గోరు," అని నవ్వింది. వేలికి గుడ్డ చుట్టి ఉన్నది.

"కడుపుతో ఉన్నదానికి కళ్ళు తిరక్కపోతేనే ఆశ్చర్యం. నాకైతే ఆ నెలల్లో మీ నాన్నే ఇద్దరుగా కనిపించేవారు. అంత శిక్ష ఎవరికీ వద్దు," అన్నది మా ఆవిడ.

గర్భిణులకు భ్రమ, అంటే తల తిరగడం, సహజం. గ్రంథాలలో కూడా ఉన్నది.

జూన్ 27

తల తిరగడం తగ్గలేదు. గర్భిణులకు సహజమే.

జూలై 2

వచ్చింది.

తెల్లవారగానే పై వాటాలో స్నానాల గదిలో పళ్ళు తోముకుంటూ ఉండగా వచ్చింది. అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు, పడబోతుండగా పట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన చొక్కా పెట్టాడు. చేతులు, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పెదవుల మీద నురగ, అందులో పేస్టు వాసన. కళ్ళు తెరిచే ఉన్నాయి; వాటిలో మేమెవరమూ లేము. నాలుగేళ్ళలో మేము మరచిపోయినదంతా రోగానికి మాత్రం గుర్తున్నది.

తేరుకున్నాక మొదట కడుపు మీద చెయ్యి వేసుకున్నది. తరువాత, "ఎవరు పడ్డారు?" అన్నది.

జూలై 4

నిన్న తెల్లవారి చెంచా ఇవ్వకముందే రక్తం తీశారు. ఈరోజు ఫలితం వచ్చింది. మందు ఉండవలసినదానిలో సగం కూడా లేదు. కడుపుతో ఉంటే తగ్గడం మామూలేగాని ఇంతలోనే ఇంత తగ్గడం చూడలేదని డాక్టరమ్మ అన్నది. కాగితం మీద నుంచి తలెత్తి అమ్మడిని చూసింది.

"తిట్టను. నిజం చెప్పు. మధ్యలో మానేశావా?"

"లేదు డాక్టర్."

"చాలామంది బిడ్డకేమవుతుందోనని భయంతో మానేస్తారు."

"నేను మానలేదు."

అప్పుడు నేను కల్పించుకుని, "రోజూ నా చేతులతో ఇస్తున్నాను," అన్నాను. అది అక్షరాలా నిజం. డాక్టరమ్మ తల ఊపి మోతాదు పెంచింది. అల్లుడు ఎవరి వైపూ చూడలేదు. రెండో నెలలో ఒకనాడు అమ్మడు ఏడుస్తూ, మందు మానేస్తే ఏమవుతుందని అతన్ని అడిగిందట. దారిలో మా ఆవిడతో చెప్పాడు.

జూలై 7

మోతాదు పెంచిన మాత్ర కొంచెం పెద్దది. నూరడానికి ఎక్కువసేపు పట్టింది.

జూలై 9

అల్లుడు పొద్దుటి డ్యూటీని మధ్యాహ్నానికి మార్పించుకున్నాడు. అమ్మడు చెంచా తీసుకున్నాక స్నానాల గదికి వెళితే వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. ఈరోజు స్క్రూడ్రైవరు తెచ్చి తలుపు గడియ ఊడదీశాడు.

"లోపల పడితే తలుపు బద్దలుకొట్టాలి కదా మామయ్యగారూ, అందుకే," అన్నాడు నాతో.

"నేను పడతానని కాదు నాన్నా, కక్కుతానని. వేలు పెట్టి కక్కేస్తున్నానని అనుమానం. అనమను, నా మొహం మీద అనమను," అన్నది అమ్మడు.

"నేనలా అనలేదు."

"ఊడదీసింది గడియ. అనడం ఎందుకిక?"

అతను స్క్రూలు జేబులో వేసుకుని కిందికి దిగిపోయాడు. చెడ్డవాడు కాడు. భయం మనిషిని కాపలావాడిగా మారుస్తుంది.

వాళ్ళిద్దరి మధ్య నేను మాట్లాడడం బాగుండదని ఊరుకున్నాను.

జూలై 16

రెండోసారి. ఇదీ తెల్లవారుజామునే. మంచం కోడు తగిలి పెదవి చిట్లింది.

జూలై 17

ఆసుపత్రి. అమ్మడిని స్కానింగుకు తీసుకువెళ్ళారు. అల్లుడు వెంట వెళ్ళాడు. డాక్టరమ్మా నేనూ వరండాలో మిగిలాము. రక్తం ఫలితం అప్పటికే వచ్చింది. మోతాదు పెంచినా తెల్లవారేసరికి మందు అడుగంటిపోతున్నదట.

"మంగళవారం రండి. ఇలాగే ఉంటే రెండో మందు కలపాలి. కలపడం నాకిష్టం లేదు మాస్టారూ. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఒక మందుకు భయపడితే రెండిటికి రెండింతలు కాదు, ఇంకా ఎక్కువే భయపడాలి. వింతేమిటంటే, ఇది ఒక్కసారిగా కరిగిపోయే రకం కాదు. మాత్ర కట్టడమే అలాంటిది. రోజంతా కొద్దికొద్దిగా వదులుతుంది. తెల్లవారేదాకా రావాలి. నమిలేస్తే తప్ప ఇలా కాదు. నమిలితే వెంటనే తల తిరుగుతుంది, కళ్ళకు రెండేసి కనిపిస్తాయి, తెల్లవారేసరికి ఏమీ మిగలదు. చిన్నపిల్ల కాదుగా, నమలడానికి."

"కాదు," అన్నాను.

ఇంతలో వాళ్ళు వచ్చారు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటున్నదట. ఇప్పటికి.

జూలై 18

ఈరోజు విశేషం లేదు.

మాత్రను నూరకుండానే తేనెలో వేసి ఇచ్చాను. వేవిళ్ళు తగ్గాయి కదా, ఇక నూరనక్కరలేదని అన్నాను. "హమ్మయ్య, ఆ రోటి చప్పుడు వదిలింది," అంటూ గుటుక్కున మింగింది. కక్కలేదు.

జూలై 19

తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ సరిదిద్దబడింది. రోగికి కావలసింది చికిత్స, చరిత్ర కాదు. ఈ స్థితిలో అమ్మడి మనసు కలతపెట్టడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అసత్యం దోషం కాదని పెద్దలే మినహాయింపు ఇచ్చారు.

జూలై 20

తల తిరగడం లేదట. చూశావా.

తప్పు సరిదిద్దబడింది. ఇక చెప్పవలసిన అవసరం లేదు. మంగళవారం రక్తం తీస్తే అదే తెలుస్తుంది. కాని ఆమె రక్తం తీసి ఆగుతుందా, మొన్నటి ఫలితం చూసి రెండో మందు రాసేస్తుందా? రాస్తే నేను ఏదో ఒకటి చెప్పి ఆపగలను. ఏమి చెప్పి?

ప్రాణం కాపాడే అసత్యాన్ని గురించి పెద్దలు చెప్పారు. ప్రాణం తీసేదాన్ని గురించి చెప్పలేదు. చెప్పవలసి వస్తుందనుకోలేదు కాబోలు.

జూలై 21

సాయంత్రం అమ్మడు కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నది. నేను ప్రూఫులు దిద్దుతున్నాను.

"నాన్నా, నేనే కక్కేస్తున్నానేమో."

తలెత్తాను.

"ఫిట్స్ వచ్చాక ముందుది ఏదీ గుర్తుండదు కదా. అలా ఏ పొద్దున్నైనా నాకే తెలియకుండా లేచి కక్కేసి మళ్ళీ పడుకుంటున్నానేమో. ఆయన ఊరికే అనరు కదా. డాక్టర్ కూడా అలాగే చూసింది. రక్తం అబద్ధం చెప్పదు. నువ్వు ఇస్తున్నావు, నేను తాగుతున్నాను. మధ్యలో ఎవరో ఒకరు తీసేస్తున్నారు. నేనే అయి ఉండాలి. రాత్రిపూట నా చేతులు మంచానికి కట్టెయ్యమని ఆయనకి చెప్పనా?"

పరిహాసానికి అంటున్నదనుకుని మొహం చూశాను. కాదు.

"అలాంటివేమీ ఆలోచించకమ్మా," అన్నాను.

అన్నాను! ఇంతసేపూ ఎదురుగా కూర్చుని, నా బిడ్డ తన స్మృతిని తానే అనుమానిస్తుంటే, నేను అన్న మాట అది. వెళుతూ వెళుతూ నా ప్రూఫులో ఒక అచ్చుతప్పు చూపించి వెళ్ళింది.

జూలై 22

డాక్టరమ్మ రెండో మందు రాయడానికి కలం తీసింది. అల్లుడు దాని పేరు ఫోనులో వెతుకుతున్నాడు. అమ్మడు ఒళ్ళో చేతులు పెట్టుకుని, శిక్ష వినే మనిషిలా కూర్చున్నది.

"రాయకండి," అన్నాను. "మాత్రను నేను నూరి ఇచ్చాను. మొదటి నుంచీ. కల్వంలో."

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. "దేనిలో?"

"పొడి చేసి, తేనెలో కలిపి. శుక్రవారం నుంచి మానేశాను."

కలం మూత పెట్టింది. అది చిన్న చప్పుడే.

అమ్మడు నా వైపు తిరిగింది. "అడిగానన్నావు కదా."

"అడగలేదు."

"నేను ఆ రోజే డాక్టర్ని అడిగి ఉండేదాన్ని. నువ్వు అడిగానన్నావని అడగలేదు. ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ తేనె సంగతి చెబుదామనుకుని, ఆవిడకి తెలిసిందే కదా అని ఊరుకున్నాను."

నేను ఏదో అనబోయాను. సంస్కృతమే నోటికి వచ్చింది, మింగేశాను.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఈ మందులోనే నీళ్ళలో కరిగే రకం ఉన్నదట. మాట మాత్రం చెప్పి ఉంటే వేవిళ్ళు తగ్గేదాకా అది రాసి ఉండేదట. పోయిన వారాల్లో బిడ్డ మీద దెబ్బ ఏమైనా పడిందా అని అల్లుడు అడిగాడు. పెద్ద స్కానింగు దాకా ఏమీ చెప్పలేనని, ఆ తరువాత కూడా అన్నీ చెప్పలేనని ఆమె అన్నది. మాత్ర యథాతథంగా, రెండు వారాలకు రక్తం, రెండో మందు ప్రస్తుతానికి వద్దు.

ఆటోలో నేను ముందు కూర్చున్నాను. వెనక అల్లుడి గొంతు వినిపించింది. "నాదే తప్పు. నన్ను తిట్టు."

జూలై 23

మాట్లాడలేదు.

జూలై 24

మాట్లాడలేదు. మాత్ర తనే వేసుకుంటున్నది.

జూలై 29

మా ఆవిడ మాత్రం మాట్లాడుతున్నది. అందరి వాటా తనే.

"నాకైనా చెప్పొద్దా? యాభై ఏళ్ళ నుంచి పద్యాలకి అర్థాలు చెప్పారు. ఏ కవీ లేచొచ్చి అది కాదయ్యా నేనన్నది అని అనలేదు. దాంతో మీకు అలవాటైపోయింది."

"నలభై ఏళ్ళు," అన్నాను.

"అదిగో. అదే."

ఆగస్టు 6

మందు నిలకడగా ఉన్నదని ఫలితం వచ్చింది. మూర్ఛ రాలేదు. ఈ వార్త నాకు అల్లుడు చెప్పాడు. గడియ తిరిగి బిగించలేదు, బిగించకూడదని డాక్టరమ్మే అన్నదట. కాని అతను గుమ్మం దగ్గర నిలబడడం మానేశాడు. అమ్మడు స్నానాల గదిలో ఉన్నంతసేపూ బయటి నుంచి రెండు మాటలు పలకరిస్తాడు, తను లోపలి నుంచి విసుక్కుంటుంది. ఆ విసుగు మెట్ల మీదుగా మాకు వినబడుతుంది. చెవికి ఇంపుగా ఉన్నది.

ఆగస్టు 19

పెద్ద స్కానింగు అయింది. వెన్ను, గుండె, పెదవి, అన్నీ చూశారట. కనిపించినంతవరకు లోపం లేదట. "కనిపించినంతవరకు" అన్న మాటకు వ్యాఖ్యానం రాయకూడదని కూర్చున్నాను.

ఆగస్టు 24

అమ్మడు కిందికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆయనకి డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. నువ్వు రా."

"వస్తాను."

"ఒక్క మాట ముందే చెప్తున్నాను నాన్నా. నువ్వు అడిగానంటే ఇక నేను నమ్మను. కోపంతో కాదు. కోపం పోయింది. నమ్ముదామంటే రావడం లేదు."

"సరే అమ్మా."

"సరే అంటే?"

"సరే అంటే సరేనమ్మా."

ఆగస్టు 25

డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, అలవాటు కొద్దీ నా వైపు తిరిగింది. "ఎలా ఉంటోంది మాస్టారూ, అమ్మాయికి?"

"అమ్మాయిని అడగండి," అన్నాను.

అడిగింది. అమ్మడు చెప్పింది, నేను విన్నాను. నిద్ర సంగతి, కాళ్ళ నీరు సంగతి, బిడ్డ కదలిక సంగతి. తరువాత డాక్టరమ్మ, మూర్ఛ వచ్చేముందు ఏమైనా తెలుస్తుందా అన్నది.

"తెలుస్తుంది. ఎవరో మాట్లాడుతుంటారు. ప్రతి మాటా తెలిసిన మాటే, తెలుగే. కానీ అర్థం ఉండదు. రాళ్ళు పడుతున్నట్టు మాటలు పడుతుంటాయి. ఆ తర్వాత ఏమీ లేదు."

"ఎప్పటి నుంచి ఇలా?"

"మొదటి నుంచీ. మొదటిసారి వచ్చినప్పుడు నాన్న నాకు పద్యం చెబుతున్నారు. పద్యం కదా, అర్థం కాకపోవడం మామూలే అనుకున్నాను."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మడూ నవ్వింది. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తున్నది. పాఠం మీద ధ్యాస లేదని పిల్లను కసిరాను. కసిరిన మాటలే తన చెవిలో రాళ్ళై పడ్డాయని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు.

"అలా అనిపించగానే పక్కనున్నవాళ్ళకు చెప్పు, కింద కూర్చోబెడతారు," అన్నది డాక్టరమ్మ.

"చెప్పడానికి మాటలు దొరకవు కదా. చెయ్యి పట్టుకుంటాను."

బయటికి వచ్చాము. ఆసుపత్రి మెట్ల దగ్గర అమ్మడు హఠాత్తుగా నా చెయ్యి పట్టుకున్నది.

"వచ్చిందా అమ్మా?"

తన కళ్ళు నా మొహం మీద కాసేపు నిలిచాయి. తను వాటిలోనే ఉన్నది.

"లేదు నాన్నా. మెట్లు."

కింది మెట్టు దాకా వదల్లేదు.